నాన్నగారి తలలో నీరు: ఏ షంట్ వేయించాలి?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరండి. మా నాన్నగారికి 69 ఏళ్ళు. రెండేళ్ళుగా నడక మందగించింది, పాదాలు నేలకి అతుక్కుపోయినట్టు ఈడుస్తూ నడుస్తున్నారు. ఆరు నెలల నుంచి బాత్రూమ్‌కి వెళ్ళేలోపే పంచె తడిసిపోతోంది. కొబ్బరి దింపు లెక్కలు కాగితం లేకుండా నోటితో చెప్పే మనిషి, ఇప్పుడు ఎన్ని కాయలు దిగాయో పదిసార్లు అడుగుతున్నారు. కాకినాడలో ఎమ్మారై తీసి తలలో నీరు పట్టింది, దాన్ని వేరేచోటికి మళ్ళించే గొట్టం, షంట్ అంటారట, వేయాలన్నారు. ఆ గొట్టం పొట్టలోకి అని ఒకరు, గుండెలోకి అని ఒకరు, నడుము నుంచి అని ఇంకొకరు చెబుతున్నారు. హైదరాబాద్‌లో ఉన్న మా మావయ్య అసలు గొట్టమే లేకుండా కెమెరాతో చేసేస్తారట అంటున్నాడు. ఆ గొట్టానికి పెట్టే వాల్వులో కూడా ఖరీదుది, మామూలుది ఉన్నాయట. తలకి కన్నం అనేసరికి అమ్మ ఒప్పుకోవడం లేదు, వాడపల్లి ఏడు శనివారాలు మొక్కుకుని కూర్చుంది. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో నాలుగైదు ప్రశ్నలున్నాయి గానీ నేను వెతికిన మాట ఒక్కటి లేదు. నడుము దగ్గర సూది వేసి కొంచెం నీరు తీసి, ఆ తరవాత నాన్నగారిని నడిపించి చూశారా? చూసి ఉంటే ఏమైంది? గొట్టం పొట్టలోకా గుండెలోకా అన్నది దాని తరవాత సంగతి. బంధువులందరూ గొట్టం దారి గురించే మాట్లాడుతున్నారు, అసలు ఈ మనిషికి గొట్టం వేస్తే నడక వస్తుందా రాదా అని అడిగినవాళ్ళు లేరు.

ముందు జబ్బు సంగతి కాస్త చెప్పనివ్వండి. మెదడు లోపల గదుల్లాంటివి ఉంటాయి, అందులో నీరులాంటి ద్రవం రోజుకి సుమారు అర లీటరు తయారవుతుంది. కానీ ఏ క్షణం చూసినా తలలో, వెన్నులో కలిపి ఉండేది 150 మిల్లీలీటర్లే. అంటే ఉన్న నీరు రోజుకి మూడు నాలుగు సార్లు మారిపోతుంది, కొత్తది ఊరుతుంటే పాతది రక్తంలోకి ఇంకిపోతుంటుంది. డెల్టాలో పుట్టినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు, పైన లాకులు వదిలితే సరిపోదు, కింద డ్రెయిన్ లాగాలి. మీ నాన్నగారి వయసులో వచ్చే రకంలో దారిలో ఎక్కడా అడ్డం ఉండదు, చివర్న ఇంకడమే సరిగ్గా జరగదు. సముద్రం పోటు మీదున్నప్పుడు డ్రెయిన్ నీరు కదలకుండా వెనక్కి తన్ని చేలల్లో నిలబడిపోతుందే, అలాగ. గదులు మెల్లగా ఉబ్బుతాయి, చుట్టూ ఉన్న నరాల తీగలు సాగుతాయి, వాటిలో కాళ్ళకి, మూత్రసంచికి వెళ్ళేవి ఉంటాయి. సూది వేసి కొలిస్తే మాత్రం ఒత్తిడి మామూలుగానే ఉంటుంది, అందుకే దీన్ని నార్మల్ ప్రెషర్ హైడ్రోసెఫలస్ అంటారు. కొలంబియా డాక్టరు సాలొమోన్ హకీమ్, ఆయన అమెరికా సహచరులు కలిసి 1965లో దీని గురించి రాశారు. దానికి ముందు ఇలాంటివాళ్ళందరినీ ముసలితనం అని వదిలేసేవారు, మన ఊళ్ళల్లో ఇప్పటికీ వదిలేస్తున్నాం.

మీరు రాసిన మూడూ, నడక, మూత్రం, మతిమరుపు, అదే వరసలో రావడం ఈ జబ్బుకి బాగా సరిపోతోంది. ఇంకో చిన్న పని చేయండి. నాన్నగారు నడుస్తున్నప్పుడు చేతులు చూడండి. పాదాలు ఎడంగా పెట్టి, అడుగు పైకి లేవకుండా నేలకి రాసుకుంటూ నడుస్తున్నా, చేతులు మాత్రం మామూలుగా ఊగుతుంటే అది ఈ జబ్బు వైపు మొగ్గు. చేతులు ఊగకుండా ఒంటికి అంటుకుపోయి, ఊరికే కూర్చున్నప్పుడు ఒక చెయ్యి వణుకుతుంటే పార్కిన్సన్స్ గురించి ఆలోచించాలి. మలుపు తిరిగేటప్పుడు ఎన్ని అడుగులు వేస్తున్నారో లెక్కపెట్టండి. మనం రెండు మూడు అడుగుల్లో తిరిగేస్తాం, వీళ్ళకి ఏడెనిమిది పడతాయి. గడప దగ్గర ఆగిపోయి, గుమ్మం పట్టుకుని, కాలు లేవక నిలబడిపోతారు. ఇదంతా కన్సల్టింగ్ రూములో కుర్చీలో కూర్చోబెడితే డాక్టరుకి కనపడదు.

స్కాన్ ఒక్కటే నమ్మి ఆపరేషన్‌కి వెళ్ళొద్దని ఎందుకంటున్నానంటే, వయసుతో మెదడు కాస్త కుంచించుకుపోయినా ఆ గదులు పెద్దవిగానే కనపడతాయి. మోకాళ్ళ అరుగుదల, షుగరు వల్ల పాదాల తిమ్మిరి, మెడలో నరం నొక్కుకోవడం, బీ12 తక్కువవడం, ఇవన్నీ నడకని పాడుచేసేవే, ఒకే మనిషిలో రెండు మూడు కలిసి కూడా ఉంటాయి. అందుకని ఆ సూది పరీక్ష. ట్యాప్ టెస్ట్ అంటారు. ముందు పది మీటర్లు నడిపించి టైమూ, అడుగులూ లెక్కపెడతారు. నడుములో సూదితో 30 నుంచి 50 మిల్లీలీటర్లు తీస్తారు. కొన్ని గంటల తరవాత మళ్ళీ, వీలైతే మర్నాడు ఇంకోసారి నడిపిస్తారు. బాగా తేడా కనపడితే షంట్ పనిచేస్తుందని గట్టి ఆశ. తేడా లేకపోతే షంట్ పనికిరాదని కాదు, ఒక్క సూదికి తేలకపోవచ్చు. అప్పుడు నడుములో సన్నటి గొట్టం పెట్టి రెండు మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచి నీరు తీస్తూ చూస్తారు. గోడ పట్టుకుని మంచం దిగిన మనిషి మర్నాడు వరండా చివరిదాకా వెళ్ళి తనే వెనక్కి తిరిగి రావడం నేను పనిచేసిన వార్డులో చూశాను. పక్క మంచం మీదాయన అదే సూది వేయించుకుని నన్నూ తీసుకెళ్ళండని కాళ్ళు కిందికి పెట్టి, ఒక్క అడుగు కూడా వేయలేక కూర్చుండిపోయాడు, అదీ చూశాను.

తలకి దెబ్బ తగిలాకో, మెదడులో రక్తం వచ్చాకో, టీబీ మెనింజైటిస్ (మెదడు పొరలకి టీబీ సోకడం) వల్లో, గడ్డ అడ్డం పడో నీరు చేరితే అది వేరే కథ. అక్కడ ఒత్తిడి పెరుగుతుంది, తలనొప్పి, వాంతులు, మగత వస్తాయి, ఆలోచిస్తూ కూర్చునే టైము ఉండదు.

ఇక మావయ్యగారి కెమెరా ఆపరేషన్. ఆయన చెప్పింది అబద్ధం కాదు, కానీ అది మీ నాన్నగారి రకానికి కాదు. దాన్ని ఈటీవీ అంటారు (టీవీ ఛానెల్ కాదు లెండి, ఎండోస్కోపిక్ థర్డ్ వెంట్రిక్యులోస్టమీ). కెమెరా గొట్టంతో మెదడు లోపలి మూడో గది అడుగున చిన్న కన్నం పెట్టి నీటికి పక్కదారి ఇస్తారు, ఒంట్లో వస్తువేమీ మిగలదు. దారిలో అడ్డం పడినవాళ్ళకి, ముఖ్యంగా ఆ గదుల మధ్య సన్నటి కాలువ మూసుకుపోయినవాళ్ళకి అది చక్కటి పద్ధతి. బోదెలో దుంగ అడ్డం పడితే పక్కన గండి కొట్టి నీరు మళ్ళిస్తాం కదా. కానీ మీ ఇంట్లో సమస్య దుంగ కాదు, కింద డ్రెయిన్ లాగకపోవడం. పైన ఎన్ని గండ్లు కొట్టినా నీరు చేరేది అదే డ్రెయిన్‌లోకి. అయినా ఎమ్మారై రిపోర్టులో ‘ఆక్విడక్ట్ స్టెనోసిస్’ (ఆ సన్నటి కాలువ ఇరుకైపోవడం) అనే మాట ఉందేమో ఒకసారి చూడండి. ఉంటే మావయ్యగారి మాటే నిజం కావచ్చు, డాక్టరుని సూటిగా అడగండి.

ఎక్కువమందికి వేసేది వీపీ షంట్, తల నుంచి పొట్టలోకి. తలలో చిన్న రంధ్రం గుండా సన్నటి సిలికాన్ గొట్టం నీటి గదిలోకి పెడతారు, చెవి వెనక చర్మం కింద వాల్వు కూర్చుంటుంది, అక్కడి నుంచి గొట్టం మెడ, ఛాతీ మీదుగా చర్మం కిందనుంచే దిగి పొట్టలోకి వెళుతుంది. బయటికి ఏదీ వేలాడదు. సుమారు గంట, గంటన్నర పని, పూర్తి మత్తు ఇస్తారు. ఇక్కడ మన భాషే కొంప ముంచుతోంది, పొట్ట అన్నా కడుపు అన్నా అందరూ అన్నం తినే సంచి అనుకుంటారు. గొట్టం చివర ఉండేది అందులో కాదు, పేగుల చుట్టూ ఉండే ఖాళీలో. అక్కడి పొర నీటిని ఇట్టే పీల్చేసుకుంటుంది. పొట్ట ఉబ్బదు, తిన్న అన్నం తలలోకి వెళ్ళదు. నవ్వకండి, ఈ మాట నన్ను చదువుకున్నవాళ్ళే అడిగారు.

గుండెలోకి వేసేది వీఏ షంట్. మెడలో రక్తనాళం గుండా గొట్టం చివర గుండె కుడి పై గది దగ్గరికి చేరుస్తారు. పొట్టలో ఇదివరకే పెద్ద ఆపరేషన్లయి పేగులు అతుక్కుపోయినవాళ్ళకి, పొట్టలో నీరు చేరే లివర్ జబ్బున్నవాళ్ళకి, అక్కడ ఇన్‌ఫెక్షన్ వచ్చినవాళ్ళకి ఇది మంచి దారే. కాకపోతే చీము పడితే అది నేరుగా రక్తంలోకి పోతుంది, గడ్డకట్టే భయం ఉంటుంది, అరుదుగా కిడ్నీలకి చేటు చేస్తుంది. నాన్నగారి పొట్టకి పాత ఆపరేషన్లేమీ లేకపోతే దీని గురించి టెన్షన్ అక్కర్లేదు. ఊపిరితిత్తి చుట్టూ ఉండే ఖాళీలోకి వేసేది కూడా ఒకటుంది, పొట్టా గుండే రెండూ కుదరనప్పుడు.

నడుము నుంచి పొట్టలోకి వేసేది ఎల్పీ షంట్. తలకి కన్నం అక్కర్లేదు కాబట్టి మీ అమ్మగారు వెంటనే ఒప్పుకునేది ఇదే! జపాన్‌లో ఈ జబ్బుకి ఇది బాగా వాడతారు, ఫలితాలు కూడా బాగున్నాయి. కానీ మన దగ్గర పొలం పని చేసిన 69 ఏళ్ళ నడుము ఎలా ఉంటుందో మీకు తెలుసు, పూసల మధ్య సందులు మూసుకుపోయి ఉంటాయి, గొట్టం పెట్టడం కష్టం, పెట్టినా జరిగిపోవడం, మూసుకుపోవడం జరుగుతుంటాయి. తలలో దారికి అడ్డం ఉన్నవాళ్ళకైతే నడుము నుంచి నీరు లాగడం ప్రమాదకరం, మెదడు కిందికి జారొచ్చు. అసలు ఏ దారైనా ఒక్కటి గుర్తుపెట్టుకోండి, మీ సర్జన్ చేతికి బాగా అలవాటైన ఆపరేషన్, ఎక్కడో చదివిన గొప్ప ఆపరేషన్ కన్నా మేలు.

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించాల్సింది వాల్వు గురించి. 1950లలో జాన్ హోల్టర్ అని ఫిలడెల్ఫియాలో తాళాల కంపెనీలో మెకానిక్ ఒకాయన, తలలో నీటితో పుట్టిన తన కొడుకు కోసం గరాజ్‌లో కూర్చుని సిలికాన్ వాల్వు తయారుచేశాడు. షంట్‌లు నమ్మకంగా పనిచేయడం అక్కడి నుంచే మొదలైంది. వాల్వు పని లాకుల దగ్గర లష్కరు పనే, ఇంత ఒత్తిడి దాటితేనే తెరుచుకుని ఒకవైపుకే నీరు వదలాలి. మామూలు వాల్వులో ఆ ఒత్తిడి తయారైనప్పుడే ఖాయమైపోతుంది, తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని దొరుకుతాయి. ఖరీదైన ప్రోగ్రామబుల్ వాల్వుని తల బయటి నుంచే ఒక అయస్కాంత పరికరంతో తిప్పి ఎక్కువ తక్కువలు చేయొచ్చు, మళ్ళీ కోత అక్కర్లేదు.

ఎందుకు తిప్పాల్సి వస్తుందంటే, పడుకున్నప్పుడు సరిగ్గా ఉన్న ప్రవాహం నిలబడగానే పెరిగిపోతుంది. పంపుసెట్టు ట్యాంకులోంచి నోటితో పైపు లాగి డీజిల్ తీసినవాళ్ళకి ఇది తెలుసు, చివర ఎంత కిందికి దించితే అంత జోరుగా వస్తుంది. తల నుంచి పొట్టదాకా అదే సైఫన్. దాన్ని అదుపు చేయడానికి యాంటీ సైఫన్ అని ఒక భాగం ఉంటుంది, మీ డాక్టరు పెడుతున్న దాంట్లో అది ఉందో లేదో అడగండి. నీరు మరీ ఎక్కువగా దిగిపోతే మెదడు లోపలికి ముడుచుకుని, పైన సాగిన సన్నటి రక్తనాళాలు తెగి, పుర్రెకీ మెదడుకీ మధ్య రక్తం చేరుతుంది.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మా బాబాయిగారికి ఇదే జబ్బు, మామూలు వాల్వుతో వీపీ షంట్ వేశారు. రెండు వారాల్లో కర్ర పక్కన పెట్టి పాలకొల్లు దగ్గర వాళ్ళ ఊరి కాలువ గట్టు మీద నడిచాడు, ఊరంతా వింతగా చూసింది. నెల తిరిగేసరికి పొద్దున్నే కాఫీకి లేచి కూర్చుంటే తల పగిలిపోతోందనడం, పడుకోగానే తగ్గిపోయిందనడం. పిన్ని నాకు ఫోన్ చేస్తే గ్యాస్ అయ్యుంటుంది, మజ్జిగ తాగమన్నాను. వార్డుల్లో అన్నేళ్ళు పనిచేసినవాణ్ణి, కూర్చుంటే నొప్పి, పడుకుంటే లేదు అనే మాట చెవిన పడ్డా పట్టించుకోలేదు. ఐదో రోజుకి కుడికాలు బలహీనపడింది. సీటీ తీస్తే రెండు వైపులా రక్తం. మళ్ళీ కన్నాలు పెట్టి రక్తం తీసి, వాల్వు మార్చి, నెలన్నర ఆసుపత్రి. బతికి బయటపడ్డాడు గానీ ఆ నడక మళ్ళీ పూర్తిగా రాలేదు. తప్పు ఆపరేషన్ చేసినవాళ్ళది కాదు, ఫోన్‌లో వైద్యం చేసిన నాది.

అలాగని అప్పు చేసైనా ఖరీదైన వాల్వే పెట్టించండి అనను. మన దేశంలోనే, ఉత్తరప్రదేశ్‌లోని షాజహాన్‌పూర్‌లో తయారయ్యే ఛాబ్రా షంట్ ఏళ్ళ తరబడి లెక్కలేనంతమందికి వేస్తున్నారు, ఖరీదు విదేశీ వాల్వులో చిన్న వంతు. ఉగాండాలో పిల్లలకి ఈ ఛాబ్రా షంట్‌నీ ఖరీదైన విదేశీ షంట్‌నీ వేసి ఏడాది పోల్చి చూస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయితే వాళ్ళు పిల్లలు. పెద్ద వయసులో మెదడు కాస్త కుంచించుకుని ఉంటుంది, రక్తం చేరే భయం ఎక్కువ, కాబట్టి మీ నాన్నగారి లాంటివాళ్ళకి తిప్పుకోగలిగిన వాల్వు నిజంగా అక్కరకొస్తుంది. స్తోమత ఉంటే పెట్టించండి. కానీ దాన్ని తిప్పే పరికరం ఆ ఆసుపత్రిలో ఉందా, మొదటి ఆరు నెలలు మీరు మళ్ళీ మళ్ళీ వెళ్ళగలరా, ఈ రెండూ ముందే తేల్చుకోండి. తిప్పేవాళ్ళు లేకపోతే అది ఖరీదైన మామూలు వాల్వు, అంతే. అది పెట్టాక ఎప్పుడు ఎమ్మారై తీసినా సెట్టింగ్ మారిందేమో వెంటనే చూపించుకోవాలి, వాల్వు పేరున్న కార్డు జేబులో ఉండాలి. మన ఊళ్ళల్లో ఇంటింటికీ తిరిగి అమ్మే అయస్కాంతపు దిండ్లు, పరుపులు ఇంట్లో ఉంటే ఎవరికైనా ఇచ్చేయండి (ఇవ్వడం కూడా ఎందుకులెండి).

డబ్బు సంగతికొస్తే, ఎన్టీఆర్ వైద్యసేవ కార్డుంటే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని కలిసి షంట్ ఆపరేషన్ ఏ ప్యాకేజీలో వస్తుంది, అందులో ఏ వాల్వు ఇస్తారు అని అడ్మిట్ కాకముందే అడగండి. కాకినాడ జీజీహెచ్‌లోనూ, విశాఖ కేజీహెచ్‌లోనూ న్యూరోసర్జరీ విభాగాలున్నాయి, రెండో అభిప్రాయానికి హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు.

ఎంత బాగుపడతారు అని మీరు అడగలేదు, అయినా చెప్పాలి. ముందు నడక, తరవాత మూత్రం, మతిమరుపు అన్నిటికన్నా ఆఖర్న, అదీ కొద్దిగా. 2025లో వచ్చిన ఒక అధ్యయనంలో 99 మందికీ ప్రోగ్రామబుల్ షంట్ వేసి, సగం మందికి నీరు పారేలా, మిగతావాళ్ళకి దాదాపు పారకుండా వాల్వు పెట్టి, ఎవరిది ఏదో వాళ్ళకి చెప్పకుండా మూడు నెలలు చూశారు. నీరు పారినవాళ్ళ నడక స్పష్టంగా మెరుగైంది, మూత్రం, జ్ఞాపకశక్తిలో ఆ మూడు నెలల్లో అంత తేడా తేలలేదు, తలనొప్పులూ తలలో రక్తం చేరడమూ మాత్రం వీళ్ళలోనే ఎక్కువ. కాబట్టి దింపు లెక్కలు మళ్ళీ నోటితో చెబుతారని ఇంట్లో ఎవరికీ మాటివ్వకండి. గడప దాటతారు, ఇంటిల్లిపాదికీ నిద్ర పడుతుంది, అది చిన్న విషయం కాదు. ఆలస్యమయ్యేకొద్దీ వచ్చేది తగ్గుతుంది, మీరిప్పటికే రెండేళ్ళు పోగొట్టుకున్నారు.

వేయించాక జ్వరం, గొట్టం దారిలో చర్మం ఎర్రబడటం, కుట్ల దగ్గర చెమ్మ, వాంతులు, మగత, కూర్చుంటే వచ్చే తలనొప్పి, వీటిలో ఏది కనపడినా మాలాంటి చుట్టాలకి ఫోన్ చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి. బాగుపడిన నడక మళ్ళీ వెనక్కి పోతుంటే గొట్టం మూసుకుపోయిందేమో చూడాలి, డ్రెయిన్‌లో గుర్రపుడెక్క పట్టినట్టే ఇదీ పడుతుంటుంది, కొందరికి రెండోసారి ఆపరేషన్ తప్పదు. మలబద్ధకం రానివ్వొద్దు, పొట్ట బిగిస్తే నీరు దిగడం మందగించొచ్చు. గుండెకి రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే ఇప్పుడే సర్జన్‌కి చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి.

అమ్మగారి సంగతి. తలకి కన్నం అంటే ఆవిడ కొబ్బరికాయ పగలగొట్టడం ఊహించుకుంటున్నారు. రూపాయి బిళ్ళ కన్నా చిన్నది అని చూపించండి. ఎలాగూ ఆసుపత్రిలో జుట్టు తీస్తారు, అది మొక్కులో లెక్కేసుకోకండి, దేవుడి దగ్గర తీయించాలనుకుంటే కుట్లు పూర్తిగా మానాక, చెవి వెనక బుడిపె ఉందని కత్తి పట్టేవాడికి ముందే చెప్పి తీయించండి. ఏడు శనివారాలు ఏడేసి ప్రదక్షిణలు కదా, ఇప్పుడు నాన్నగారు ఒక్కటి కూడా చేయలేరు. ఆపరేషన్ అయ్యాక మొదలుపెడదాం అని ఆవిడతో అనండి, ఒప్పుకోవచ్చు.

ఈ వారంలోనే కాకినాడ వెళ్ళి ట్యాప్ టెస్ట్ అడగండి. వెళ్ళే ముందు ఇంట్లో ఒక వీడియో, సూది వేశాక అదే సెల్‌ఫోన్‌తో ఇంకోటి తీయండి, లేచి నిలబడటం, నడవటం, వెనక్కి తిరగటం, గుమ్మం దాటటం. తీసేటప్పుడు మొహం కాదు, పాదాలు కనపడాలి, పంచె కాస్త పైకి కట్టించండి.